కళ్ళు మూసుకుని చూసే పెద్దవ్వ

పోయిన ఆదివారం పొద్దున, గనిలో కప్పుకు కర్రలు నిలిపే పనివాడొకడు నడుం పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. కొలతల సంగతేదో అడగడానికి వచ్చాడనుకుని చొక్కా తగిలించుకుని బయటికి వచ్చాను. ఆయనకు నాతో పని లేదు.

"సారూ, పాపను జర బయటికి తోలుండ్రి. నడుం పట్టుకున్నది. నాలుగడుగులు తొక్కితే చాలు."

మా పాపకు ఐదో ఏడు నడుస్తోంది. ఎదురుకాళ్ళతో పుట్టింది. అంటే తల ముందు రాకుండా పిరుదులు ముందు వచ్చి, కాళ్ళు తర్వాత వచ్చి, తల ఆఖరున వచ్చింది. అట్లా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు విడుస్తుందని మా వైపు నమ్మకం. బెల్లంపల్లి బొగ్గు గనుల ఊరు. ఇక్కడ ఎప్పుడో ఒకప్పుడు నడుం పట్టని మగవాడు లేడు.

"మా పాప సంగతి నీకెవరు చెప్పారు?" అని అడిగాను.

"పెద్దవ్వనే చెప్పింది సారూ. నేను పోయినంక సర్వే సారు బిడ్డ ఉన్నది, ఆడికి పోండ్రి అన్నది."

వరండాలో బండల మీద బోర్లా పడుకున్నాడు. మా పాప వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, నవ్వుకుంటూ, ఆయన వీపు మీద అటూ ఇటూ నాలుగు సార్లు నడిచింది. ఆయన లేచి, నడుం రెండు వైపులా తిప్పి చూసుకుని, "హల్కగైంది" అని వెళ్ళిపోయాడు. నిజంగా తగ్గిందో లేదో నేను నిర్ధారించలేను.

ఆ పెద్దవ్వ చనిపోయి ఇరవై రోజులైంది. నేను ఆ వారం మంచిర్యాలలో ఉన్నాను. అంత్యక్రియలకు అందలేదు. ఆమె ఎదురుకాళ్ళతో పుట్టింది కాబట్టి సాయంత్రాలు ఆమె గుడిసె ముందు గనివాళ్ళు చాపల మీద వరసగా బోర్లా పడుకుని ఉండేవారు. ఆమె గోడకున్న కొయ్యను పట్టుకుని ఒక్కొక్కరినీ తొక్కుతూ పోయేది. కానీ అది ఆమెకు పక్క పని. అసలు పని కాన్పులు చేయడం. ఈ ఊళ్ళో కూలీల ఇళ్ళ లైన్లలో ఉన్న పిల్లల్లో చాలామంది ఆమె చేతుల్లోకే ముందు వచ్చారు.

ఆమె గురించి నాకు తెలియనివి మొదట చెప్పేస్తాను. పేరు తెలియదు. వయసు తెలియదు. ఏ ఊరి నుంచి వచ్చిందో ఒకసారి అడిగితే "వాగు అవతల" అన్నది. మా జిల్లాలో వాగు అవతల లేని ఊరు లేదు. ఇక తెలిసినవి.

పొట్ట మీద చెయ్యి వేసే ముందు ఆమె కొన్ని పనులు చేసేది. ఒక్కటీ తప్పేది కాదు, వరస మారేది కాదు. ముందు నోట్లోని ఆకు వక్క వాకిట్లో ఊసి పుక్కిలించేది. గాజులు తీసి కొంగుకు ముడి వేసుకునేది. బూడిదతో ఒకసారి, కుంకుడుకాయ నురుగుతో ఒకసారి మోచేతుల దాకా కడుక్కునేది. తర్వాత ఒక ఇత్తడి చెంబులో వేడినీళ్ళు పోయించుకుని, ఆ చెంబును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చునేది. ఎందుకని అడిగితే, "చల్లటి చెయ్యి తగిలితే కడుపు బిగుసుకపోతది. బిగుసుకపోయినంక లోపట ఏమున్నదో నాకేం తెలుస్తది సారూ?" అన్నది. చేతులు వేడెక్కాక కడుపుతో ఉన్నామెను ఒకసారి ఒంటికి పోయిరమ్మనేది. వచ్చి వెల్లకిలా పడుకున్నాక కాళ్ళు ముడుచుకోమనేది. అప్పుడు చేతులు వేసి, కళ్ళు మూసుకుని, ముఖం గోడ వైపు తిప్పేది.

చేతులు వేశాక ఆమె మనతో మాట్లాడదు. లోపలున్న వాళ్ళతో మాట్లాడుతుంది. "జరుగు నాయనా. జర జరుగు. నీ ఇల్లు నేనేం గుంజుకుంటలేను."

నేను ఈ పనిని దగ్గరగా చూసింది హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండో ఏడు. మా ఆఫీసులో సగం పాత ఫైళ్ళు ఇంకా ఉర్దూలోనే ఉండేవి. సర్వే ఆఫీసులో నాకు కొత్త ఉద్యోగం. నేల మీద నిలబడి నేల కింద ఏ గాలరీ, అంటే ఏ సొరంగం, ఎటు పోతోందో కాగితం మీద గీయడం నా పని. నా భార్య సుగుణకు ఏడో నెల. కరీంనగర్ జిల్లాలో మగ్గాలున్న మా ఇంటి నుంచి అమ్మ వచ్చి మాతో ఉంది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి తొమ్మిదో నెల పడ్డాక అత్తమ్మ వచ్చి సుగుణను తీసుకుపోవాలని ముందే అనుకున్నాం. అప్పటిదాకా నెలకు ఒకసారి కడుపు చూసిపొమ్మని అమ్మ పెద్దవ్వను పిలిచింది.

మొదటిసారి చూసి ఏమీ అనలేదు. ఎనిమిదో నెల సగంలో రెండోసారి చూసి చేతులు తీసి, "ఈ కిరాయిదారు పటేలు లెక్క కూసున్నడు," అన్నది.

కడుపులో ఉన్న పిల్లలను ఆమె కిరాయిదారు అనేది. ఆడో మగో ఎన్నడూ చెప్పేది కాదు, అడిగితే కసిరేది. కూర్చోవడమంటే ఏమిటని నేను అడిగాను.

"ఇల్లు ఖాళీ చేసేటోడు ఏం చేస్తడు సారూ? ముందుగాల తలుపు దిక్కు మళ్ళుతడు. తొమ్మిదో నెల దగ్గరికొస్తుంటే పోరలు తలకాయ కిందికి పెట్టి తలుపు దిక్కు మళ్ళుతరు. కాళ్ళు ముడుసుకుంటరు, గదవ రొమ్ముకు ఆనిచ్చుకుంటరు. అట్లుంటే దారి సాఫ్. మీ ఇంట్లున్నది గద్దె మీద కూసున్నట్టు కూసున్నది. తల మీదికి, పిర్రలు కిందికి."

"తెలిసేదెట్లా?"

"చేతులకు తెలుస్తది."

ఆ జవాబు నాకు సరిపోలేదు. చూడని దానిని చూసినట్టు చెప్పాలంటే మా ఆఫీసులో కనీసం మూడు కొలతలు ఉండాలి. ఆ మాటే అన్నాను. అమ్మ నావైపు కోపంగా చూసింది. పెద్దవ్వ మాత్రం నవ్వింది.

"మీరు బొగ్గు ఉన్నదో లేదో ఎట్ల చూస్తరు సారూ?"

"బోరు వేసి చూస్తాం."

"నాకు బొక్క కొట్టి చూసే వీలు లేదు."

సుగుణ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వదల్లేదు. పెద్దవ్వ లేచి అమ్మను ఒక కొబ్బరికాయ, రొట్టెలకు తడిపిన జొన్నపిండిలోంచి ఒక ముద్ద అడిగింది. నన్ను గోడవైపు తిరగమన్నది. పాత చీరలో రెండింటినీ రెండు చివర్లకు మూట కట్టి, మధ్యలో బట్టలు కుక్కి, దాని మీద గొంగడి కప్పింది. తర్వాత నన్ను పిలిచి, "కండ్లు మూసుకో. తలకాయ ఏది? పిర్రలేవి?" అన్నది.

నేను గొంగడి మీద రెండు చేతులూ వేశాను. అంతా ఒకే ముద్దలాగా ఉంది. ఎడమ వైపుది పెద్దగా, బరువుగా తోచింది. "ఇది తల," అన్నాను.

గొంగడి తీసింది. అది జొన్నపిండి.

"పెద్దగున్నోడే తలకాయ అనుకున్నవు. ఆఫీసుల గట్లనే ఉంటదేమో," అన్నది. అమ్మకు నా మీద కోపం పోయి నవ్వు వచ్చింది.

పెద్దవ్వ నా చెయ్యి పట్టుకుని కొబ్బరికాయ మీద పెట్టింది. ఒక వైపు వేలితో కొట్టించింది. అది రెండో వైపు నా బొటనవేలికి వచ్చి తగిలి వెనక్కి పోయింది. "తల మెడ మీద ఉంటది. కొడితే అదొక్కటే ఊగుతది, ఒళ్ళు కదలది. ఇప్పుడు గా పిండిముద్దను కొట్టు." కొట్టాను. మూటంతా కదిలింది. "పిర్రలకు మెడ లేదు. పిర్రలు కదిలితే మనిషే కదులుతడు." మరో నాలుగు సార్లు కట్టు మార్చి అడిగింది. మూడు సార్లు సరిగ్గా చెప్పాను. నేను చదువుకున్న కాలేజీలో కొలవడం నేర్పారు. తాకి తెలుసుకోవడం ఆమె నేర్పింది. ఇప్పుడు కూడా గనిలో కప్పు బండను కొట్టి చూసేటప్పుడు నా బొటనవేలు ఆ కొబ్బరికాయ కోసం చూస్తుంది.

ఆ రోజు ఆమె చెప్పినదంతా నోటుబుక్కులో గీసుకున్నాను. నిలబడ్డ మనిషి బొమ్మ, లోపల శిశువు, తల పైకి. ఆమెకు చూపించాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మంచిగనే గీసినవు. కుర్చీ ఒక్కటి మర్చిపోయినవు," అన్నది.

ఇంకా మూడు నాలుగు వారాల సమయం ఉంది, లోపల జాగా ఉంది, తనంతట తానే మళ్ళవచ్చు అన్నది. కొందరు మంత్రసానులు పై నుంచి ఒత్తి శిశువును తిప్పుతారు. ఆమెను తిప్పమని అమ్మ అడిగింది. "నేను తిప్ప. బొడ్డు పేగు ఎక్కడ చుట్టుకున్నదో నా చేతికి తెల్వది. తెల్వని కాడ జోరు చెయ్యొద్దు," అన్నది. దానికి బదులు ఒక పని చెప్పింది. రోజూ పొద్దున, ఏమీ తినకముందు, సుగుణ మోకాళ్ళ మీద వంగి ఇల్లు అలకాలి. తల కిందికి, నడుం మీదికి ఉండాలి. నిలబడి తుడిచే పని కాదు.

మాది కంపెనీ క్వార్టరు. నేలంతా షాబాదు బండలు. బండలను పేడతో అలకడమేమిటని అమ్మ అడిగింది.

"మట్టి కోసం అలుకుమంటలేనమ్మా. కిరాయిదారు కోసం అలుకుమంటున్న."

మరుసటి రోజు నుంచి సుగుణ నున్నటి బండల మీద పేడనీళ్ళు చల్లి, మోకాళ్ళ మీద వంగి, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా అలకడం మొదలుపెట్టింది. ఎండగానే అదంతా పెచ్చులుగా లేచేది. అమ్మ వెనకాలే ఊడ్చేది. పక్క క్వార్టరు ఫోర్‌మెన్ భార్య కిటికీలోంచి చూసి, "ఏం సుగుణమ్మా, బండల మీద పంట పెడుతున్నవా?" అని అడిగింది. సుగుణ తల ఎత్తకుండానే, "పంట కడుపుల ఉన్నదక్కా, దున్నుడు ఈడ," అన్నది. పెద్దవ్వ వారానికి ఒకసారి వచ్చి చూసేది. నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. మొదటి వారం: కూర్చునే ఉంది. రెండో వారం: కొంచెం పక్కకు జరిగింది. ఆ రోజు అందరం సంతోషపడ్డాం. మూడో వారం: మళ్ళీ కూర్చుంది.

ఆ మూడో వారంలోనే అత్తమ్మ, ఆమె తమ్ముడు రైలు దిగారు. వాళ్ళ ఊరు ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో దిగి, బండి కట్టుకుని, రెండు వాగులు దాటిపోతే వస్తుంది. బండిని ఆ స్టేషన్ దగ్గరే ఆపి రైలెక్కి వచ్చారు. శ్రావణం. వానలు పట్టుకున్నాయి. తెచ్చిన గారెలు, చీర, పూలు చాప మీద పెట్టారు. సుగుణ తన పెట్టె సర్దుకుంది. ఆడపిల్లకు పుట్టింటి బండి వచ్చిందంటే ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

పెద్దవ్వ ఆ పొద్దున అదే వేళకు కడుపు చూడటానికి వచ్చింది. చెంబు పట్టుకుంది, చేతులు వేడి చేసుకుంది, చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. చేతులు తీసి కొంగు ముడి విప్పి గాజులు వేసుకుంటూ, ఎవరినీ చూడకుండా, "పంపొద్దు," అన్నది.

అత్తమ్మ ముందు మర్యాదగానే మాట్లాడింది. "మా ఊళ్ళె కూడ మంత్రసాని ఉన్నది పెద్దవ్వా. నా ముగ్గురి కాన్పులు ఆమెనే చేసింది."

"ఆ ముగ్గురు తలకిందులు వచ్చిండ్రా, కూసోని వచ్చిండ్రా?"

"తలకిందులే వచ్చిండ్రు."

"అయితే ఆమెకు ఈ పని తెల్వది. వాగు వస్తే మీరు ఈ దరికి రాలేరు."

అమ్మ కూడా అత్తమ్మ వైపే మాట్లాడింది. తొలి కాన్పు మెట్టినింట్లో జరిగితే నలుగురూ ఏమనుకుంటారు అన్నది. బండి వచ్చి వట్టిగా పోవడం మంచిది కాదన్నది. అత్తమ్మకు ధైర్యం వచ్చింది.

"నీ చేతిలకెల్లి కాన్పు పోతదని పంపొద్దంటున్నవా?" అని అడిగేసింది.

పెద్దవ్వకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె గాజులు సర్దుకుంటూనే, "నా చేతికి కూడ వద్దు," అన్నది. "ఈ కాన్పు నేను చెయ్య. వరంగల్ల పెద్ద దవాఖాన ఉన్నది, లేడీ డాక్టర్లున్నరు. వారం రోజులు ముందుగాలనే తోల్కపోండ్రి. నొప్పులొచ్చినంక రైలు కోసం చూసుకుంట కూసోవద్దు."

అప్పటిదాకా ఏ కాన్పూ తన చేత కాదని ఆమె అన్నట్టు ఎవరూ వినలేదు. మా గుమ్మంలో ఫోర్‌మెన్ భార్య కూడా నిలబడి ఉంది. ఈ మాట సాయంత్రానికి లైన్లన్నీ తిరుగుతుందని పెద్దవ్వకు తెలియకపోదు.

అత్తమ్మ తగ్గలేదు. "ఎదురుకాళ్ళతోని పుట్టినోళ్ళు బతుకరా? నువ్వే పుడితివి. మంచిగనే ఉన్నవు గదా."

"నేను మంచిగనే ఉన్న. నన్ను కన్న మా అవ్వను అడుగు."

"ఏడున్నది మీ అవ్వ?"

పెద్దవ్వ అత్తమ్మను సూటిగా చూసింది. "అదే చెప్తున్న బిడ్డా."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి సుగుణ మేనమామ, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడనివాడు, "బండి వాపస్ తోలుత," అని బయటికి వెళ్ళాడు. సుగుణ సర్దుకున్న పెట్టె అలాగే ఉంచమన్నాను. అందులోకి నా రెండు చొక్కాలు కూడా పెట్టాను.

మూడు రోజుల తర్వాత సుగుణ, అత్తమ్మ, నేను వరంగల్‌కు బయలుదేరాం. స్టేషనుకు పెద్దవ్వ వచ్చింది. సుగుణ తల మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"సారూ, నీకు అడుగుడు రోగం ఉన్నది గదా. ఆ డాక్టరమ్మను అడుగు. కూసున్నదాన్ని ఎట్ల తీస్తదో అడుగు. నోటిలెక్క మర్చిపోతవు, రాసుకొని రా."

వరంగల్లో మా దూరపు బంధువుల ఇంట్లో దిగాం. దవాఖానలో చూసి, శిశువు కూర్చునే ఉందని, పెద్దవ్వ చెప్పిందే చెప్పారు. పదకొండో రోజు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలి నుంచి వచ్చే ప్రతి శబ్దానికీ లేచి నిలబడ్డాను. అత్తమ్మ నా పక్కన కూర్చుని, "బండి ఎక్కించి ఉంటే ఇయ్యాల వాగు కాడ ఉండేటోళ్ళం," అని ఒకే మాటను పదే పదే అన్నది. మధ్యాహ్నం రెండు దాటాక పాప ఏడుపు వినిపించింది. సుగుణ గొంతు ఎప్పుడు వినిపిస్తుందా అని చూశాను. పది నిమిషాలకు వినిపించింది. నీళ్ళు అడుగుతోంది.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, కృష్ణా జిల్లా మాట. తల్లీ బిడ్డా క్షేమమని చెప్పి వెళ్ళబోతుంటే నేను నోటుబుక్కు తీసి, శిశువును ఏ వరసలో బయటికి తీశారో చెప్పమని అడిగాను. ఆమె ఆగింది.

"మీరు వైద్యం చదువుతున్నారా?"

"లేదండి, గనుల్లో సర్వేయర్ని. మా ఊరి మంత్రసాని అడిగి రాసుకు రమ్మంది. మమ్మల్ని ఇక్కడికి పంపింది ఆమే."

ఆమె నన్ను తన గదిలోకి పిలిచి, ఒక తువ్వాలును శిశువులాగా చుట్టి, బల్ల మీద పెట్టి చూపించింది. నేను ఎంత నెమ్మదిగా రాసుకుంటే అంత నెమ్మదిగా చెప్పింది. ఇరవై నిమిషాలు. చివరికి, "ఆమెకు నా నమస్కారం చెప్పండి. ఇలాంటివి ఎప్పుడొచ్చినా పంపించమనండి. పంపలేని పరిస్థితి వస్తే ఇది గుర్తుంచుకోమనండి," అన్నది.

బెల్లంపల్లికి తిరిగి వచ్చాక, ఇరవై ఒకటో రోజున పాపను తొట్టెలో వేశాం. పెద్దవ్వ వచ్చింది. లైన్లలో అనుకున్నట్టే మాట తిరిగింది. ఆ నెలలో ఆమెను పిలవాల్సిన రెండు ఇళ్ళ వాళ్ళు రెండో లైను మంత్రసానిని పిలిచారట. ఆమె ఆ సంగతి ఎత్తలేదు. పాపను చూసింది, సుగుణను చూసింది, తర్వాత నా దగ్గరికి వచ్చి, "రాసినవా?" అన్నది.

చదవడం మొదలుపెట్టాను. "ఒకటి. తొందర పెట్టకూడదు. దారి పూర్తిగా తెరుచుకునేదాకా ఆగాలి." తల ఊపింది. "రెండు. పిరుదులు, కాళ్ళు కనిపించినా బొడ్డు బయటికి వచ్చేదాకా శిశువును ముట్టుకోకూడదు. పట్టి లాగకూడదు."

"ఏంది?"

మళ్ళీ చదివాను.

"లాగలేదా ఆమె?"

"లాగలేదు. లాగితే చేతులు మీదికి పోయి, గదవ లేచి, తల ఇరుక్కుంటుందట. దానంతట అది వేలాడాలి. మెడ వెనక వెంట్రుకలు కనిపించాకే కాళ్ళు పట్టుకుని నెమ్మదిగా పైకి ఎత్తాలి."

పెద్దవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. విస్తళ్ళు వేస్తున్నారు. అమ్మ భోజనానికి పిలిచినా లేవలేదు.

"కట్టెల డిపో పక్కన ఒక ఇల్లుండేది," అన్నది. "పిల్ల తల్లి బతికింది. పోరడు బతుకలే. కాళ్ళు కనబడంగనే లాగిన సారూ. అందరు లాగు లాగు అన్నరు. మేమందరం లాగుతం. లాగేదే మాకు తెలుసు."

సుగుణ వచ్చి ఆమె పక్కన కూర్చుని పాపను ఆమె ఒళ్ళో పెట్టింది. పెద్దవ్వ పాప పాదాలు రెండూ ఒక అరచేతిలో పట్టుకుని కాసేపు ఉంది. తర్వాత పాపను తిరిగి ఇచ్చేసి లేచింది.

"పా సారూ. నోటుబుక్కు పట్టుకో."

"ఎక్కడికి?"

"రెండో లైనుకు."

రెండో లైను మంత్రసానితో ఆమెకు ఏడేళ్ళుగా మాటలు లేవు. కారణం నాకు తెలియదు. ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకు ఉమ్మేవారని మాత్రం అందరికీ తెలుసు. ఎండలో నడిచాం. ఆమె ముందు, నేను వెనక. రెండో లైను చివర ఒక వాకిట్లో నడివయసు మనిషి బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట ఆపింది.

"ఏమ్మా, తొవ్వ తప్పినవా?"

"తప్పలే. కూసో. ఈ సారు ఒక ముచ్చట చదువుతడు. తిట్టేదుంటే అయినంక తిట్టు."

ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "కూసున్న పిల్లలను నువ్వు తియ్యవట గదా ఇప్పుడు. వరంగల్ తోలుతవట."

"తోలుత. నువ్వు కూడ తోలు. తోలరాని నాడు ఇట్ల చెయ్యాలె. చదువు సారూ."

చదివాను. రెండో మాట దగ్గర ఆమె కూడా "ఏంది?" అన్నది. పెద్దవ్వ తల ఊపింది. కానీ వినడం వేరు, చేయడం వేరు అని ఇద్దరికీ తెలుసు. పెద్దవ్వ లోపలికి పోయి ఒక బొంతను గొట్టంలాగా చుట్టి తెచ్చింది. పాత చీరతో కాళ్ళూ చేతులూ ఉన్న మూట కట్టింది. మూటను బొంతలో దూర్చి, నన్ను వెనక కూర్చోబెట్టి, "నువ్వు తల్లివి. మెల్లగ తోయి," అన్నది.

నేను కొత్త పంచె కట్టుకుని, బొంత వెనక కూర్చుని, ఆ మూటను అంగుళం అంగుళం తోశాను. వాళ్ళిద్దరూ బొంతకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. పిరుదుల ముడి బయటికి వచ్చింది. రెండో లైను ఆమె చేతులు తటాలున ముందుకు వచ్చాయి. పెద్దవ్వ ఆ చేతులు పట్టుకుని వెనక్కి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. కాళ్ళు బయటికి వచ్చాయి. ఈసారి పెద్దవ్వ చేతులే కదిలాయి. రెండో లైను ఆమె వాటిని పట్టుకుంది. అట్లా ఒకరి చేతులు ఒకరు పట్టుకునే కూర్చున్నారు.

"ఇప్పుడా?" అన్నది రెండో లైను ఆమె.

"ఇప్పుడే కాదు," అన్నది పెద్దవ్వ. "సారును తోయనీ."